ముసలితనమా? విటమిన్ లోపమా?

(సంఘం వార్షిక సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ఉపన్యాస పాఠం)



"డాక్టరుగారూ, ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు చెప్పండి" అని సంఘం వారు నన్ను ఆజ్ఞాపించారు. షుగరు, బి.పి., గుండెపోటు గురించి మీరు ప్రతి ఏడూ వింటూనే ఉన్నారు. అందుచేత ఈసారి వాటి జోలికి పోకుండా, ఒకే ఒక మాట గురించి మాట్లాడదలచుకున్నాను. పెద్దవారిని వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చే దాదాపు ప్రతి కుటుంబం నోటా ఆ మాట వింటుంటాను. "వయసైపోయింది గదండీ!" అన్నదే ఆ మాట.

అబ్బాజాన్‌కు కాళ్లు తిమ్మిరులు పడుతున్నాయి. ఎందుకని? వయసైపోయింది గదండీ! దాదీమా మనుమల పేర్లు తడబడుతోంది. వయసైపోయింది గదండీ! నానా నేల మీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. వయసైపోయింది గదండీ! ఇలా అనేసి కొడుకులు, కోడళ్లు మనసు సరిపెట్టుకుంటున్నారు. అంతకంటె విచారకరమైన సంగతి, ఆ పెద్దవారు కూడా అదే మాట అనుకొని నోరు మూసుకుంటున్నారు.

అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉన్న ఒక హదీసు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చికిత్స చేయించుకోమని, మందు లేని రోగాన్ని అల్లాహ్ పుట్టించలేదని మన ప్రవక్త (స) వారు తెలియజేసి, ఒక్కదానిని మాత్రం మినహాయించారు. ఆ మినహాయింపు ముసలితనం. ఒక వైద్యుడుగా ఈ హదీసును నేను తలచుకున్నప్పుడల్లా నాకు ఒక బాధ్యత గుర్తుకు వస్తుంది. ముసలితనానికి మందు లేదు, సరే. కాని నా ఎదుట కూర్చున్న పెద్దాయనలో ముసలితనం ఎంత, రోగం ఎంత? మందు ఉన్న రోగానికి కూడా ముసలితనం అని పేరుపెట్టి ఇంటికి పంపివేస్తే, ఆ తప్పు ఎవరిది? ఈ రెండింటినీ వేరుచేసి చూడడమే ఈనాటి నా ప్రసంగ విషయం.

విటమిన్లు అనగానే అదేదో పిల్లల సంగతి అనుకుంటారు. శరీరానికి అతి స్వల్పంగా కావలసినవి, కాని లేకపోతే గడవనివి విటమిన్లు. ఆ పేరు 1912లో కాసిమిర్ ఫంక్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టాడు. మన ఆంధ్రదేశానికి ఈ విషయం కొత్త కాదు. మరపట్టించి తెల్లగా పాలిష్ చేసిన బియ్యం తిన్నందువల్ల, బి1 విటమిన్ లోపించి, ఒకప్పుడు మన సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ఎందరినో బాధించింది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ దొరగారు ప్రారంభించిన పరిశోధన శాఖ మొదట చేపట్టింది ఆ బెరిబెరినే. ఆ శాఖే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరొందింది. ఇప్పుడు మన ఇళ్లలో పెద్దవారిని ఎక్కువగా బాధిస్తున్నవి రెండు. ఒకటి బి12 లోపం, రెండవది డి విటమిన్ లోపం. ఈ రెండింటి గురించే చెబుతాను.

మొదట ఒక పెద్దమనిషి సంగతి మనవి చేస్తాను. ఉపాధ్యాయుడుగా పనిచేసి రిటైరయినవారు. పన్నెండేళ్లుగా షుగరు మాత్రలు వాడుతున్నారు. ఆయనను కొడుకు తీసుకువచ్చి, "మసీదులో వజూ చేస్తూ రెండుసార్లు తూలిపడబోయారండీ, కళ్లు తిరుగుతున్నట్లున్నాయి, బి.పి. చూడండి" అన్నాడు. బి.పి. బాగానే ఉంది. "కళ్లు తిరుగుతున్నాయా సాహెబ్?" అని అడిగితే, "తిరగడం లేదు బాబూ. మొహం మీద నీళ్లు చల్లుకొని కళ్లు మూసుకుంటే చాలు, ఒళ్లు పక్కకు ఒరిగిపోతోంది" అన్నారు. ఇంకా అడిగాను. జుహర్‌కు పగటి వెలుతురులో బాగానే నడిచి వెళతారు. ఫజర్‌కు చీకట్లో వెళ్లేటప్పుడు గోడ పట్టుకోవలసి వస్తోంది. ఒకరోజు చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియక, ఒంటి చెప్పుతో వీధి చివరకు వెళ్లారు. దానికి ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆయనా నవ్వారు.

అది నవ్వవలసిన సంగతి కాదు. మన పాదాలు నేల మీద ఎక్కడ ఉన్నదీ, ఎలా ఉన్నదీ ఎప్పటికప్పుడు మెదడుకు కబురు అందించే నరాలు వెన్నుపాములో ఉన్నాయి. ఆ నరాల పైపొర చెడితే కబురు సరిగ్గా అందదు. అప్పుడు మనిషి కళ్లతో చూసుకొని నిలదొక్కుకుంటాడు. కళ్లు మూసుకున్నా, చీకటి పడినా ఆ ఆధారం పోతుంది, తూలుతాడు. మేము ఆస్పత్రిలో రోగిని నిలబెట్టి, పాదాలు దగ్గరకు చేర్పించి, కళ్లు మూసుకోమని చేసే పరీక్ష ఇదే. ఆ పెద్దాయన వజూ చేసే చోట రోజుకు అయిదుసార్లు తెలియకుండానే ఆ పరీక్ష చేసుకున్నారు. చూసి అర్థం చేసుకొనేవారే లేకపోయారు. రక్తపరీక్షలో ఆయనకు బి12 చాలా తక్కువగా ఉన్నట్లు తేలింది.

ఇక్కడ మనవారు వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. "బి12 మాంసంలో ఉంటుందంటారు గదా. అది శాకాహారులకు వచ్చే జబ్బు. మనం గోష్త్ తినేవాళ్లం, మనకెందుకు వస్తుంది?" ఈ ధైర్యమే మన ఇళ్లలో ఈ జబ్బును దాచిపెడుతోంది. బి12 మాంసం, కలేజా, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులలోనే ఉంటుందన్న మాట నిజమే. ఆకుకూరలలో, పప్పులలో, బియ్యంలో లేదు. కాని ఇంట్లో వండడం వేరు, పెద్దవారు తినడం వేరు, తిన్నది ఒంటబట్టడం వేరు.

తినడం సంగతి చూడండి. పళ్లు ఊడిపోయిన దాదీమా దస్తర్‌ఖాన్ దగ్గర ఏమి తింటున్నదో ఎప్పుడైనా గమనించారా? ముక్కలు మనుమల పళ్లెంలో వేసి, తాను ఇంత శోర్వా అన్నంలో కలుపుకుంటుంది. రాత్రికి చాయ్‌లో బన్ను ముంచుకొని తిని పడుకుంటుంది. "నాకు ఆకలి లేదు బేటా" అంటుంది. పేద ఇళ్లలో మాంసం జుమా రోజున ఒకసారి వస్తే గొప్ప, అదీ పనికి వెళ్లే మగవారికి, పిల్లలకు పోగా మిగిలితేనే ముసలివారికి.

ఇక ఒంటబట్టే సంగతి. ఆహారంలోని బి12 మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉంటుంది. కడుపులోని ఆమ్లం దానిని విడదీయాలి. తరువాత కడుపు గోడలలో తయారయ్యే ఒక ప్రత్యేక పదార్థం దానికి తోడుగా చేరి, చిన్నప్రేవుల చివరి భాగం దాకా తీసుకుపోవాలి. అక్కడ గాని అది రక్తంలోకి చేరదు. వయసు మీదపడినకొద్దీ చాలామందికి కడుపులో ఆమ్లం తగ్గుతుంది. ఆ పైన "గ్యాస్" అని చెప్పి ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఏళ్ల తరబడి పరగడుపున మింగేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అవి ఉన్న ఆమ్లాన్ని ఇంకా తగ్గిస్తాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మంచి మందే, కాని చాలా ఏళ్లు వాడితే కొందరిలో బి12 ఒంటబట్టకుండా చేస్తుంది. అంటే, ముక్కలు పెట్టిన కూర ముందున్నా, శరీరానికి బి12 అందని పరిస్థితి ఏర్పడుతుంది. ఈ మాట విని ఎవరూ షుగరు మాత్ర మానవద్దు. మానితే షుగరు పెరిగి ఇంకా పెద్ద ముప్పు వస్తుంది. "ఇన్నేళ్లుగా వాడుతున్నాను, ఒకసారి బి12 పరీక్ష చేయించమంటారా?" అని మీ డాక్టరును అడగండి, చాలు.

ఈ లోపం ఒక్క రోజులో బయటపడదు. మనకు రోజుకు కావలసిన బి12 రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. అంటే గ్రాములో పది లక్షల వంతులు రెండో మూడో. కాలేయంలో కొన్నేళ్లకు సరిపోయే నిల్వ ఉంటుంది. ఆ నిల్వ కరిగి కరిగి అడుగంటేసరికి మనిషికి డెబ్బై వస్తాయి. లోపమూ వయసూ ఒకేసారి తలుపు తడతాయి. అందుకే లోపాన్ని వయసు అని పొరబడుతున్నాము.

మరి దీని లక్షణాలేమిటి? అరికాళ్లలో సూదులు గుచ్చినట్లుండడం, మొద్దుబారడం. దూదిమీద నడుస్తున్నట్లనిపించడం. నాలుక నున్నబడి ఎర్రబారి, కాస్త కారం తగిలినా మంటపుట్టడం. ఆయాసం, నీరసం, ముఖం పాలిపోవడం. మతిమరపు, చిరాకు, ఏ పని మీదా మనసు లేకపోవడం. ఇవన్నీ ఒకరికే రావాలని లేదు. ఇంకొక సంగతి. రక్తం తక్కువగా లేదు కాబట్టి బి12 లోపం లేదనుకోవడం పొరపాటు. కొందరిలో రక్తం బాగానే ఉంటుంది, నరాలు మాత్రం దెబ్బతింటాయి. షుగరు వల్ల కూడా అరికాళ్లు మండుతాయి గనుక, "ఇది షుగరు తిమ్మిరే" అని సరిపెట్టుకోవడం మరో పొరపాటు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. షుగరు వల్ల చెడిన నరాన్ని తిరిగి బాగుచేయడం కష్టం. బి12 లోపం వల్ల చెడినదాన్ని త్వరగా పట్టుకుంటే చాలావరకు బాగుచేయవచ్చు. ఆలస్యమైతే అదీ పూర్తిగా తిరిగి రాదు.

ఈ వ్యాధి చరిత్రలో మన తెలుగువారు గర్వించదగిన ఒక ఘట్టం ఉంది. దానిలోనే ఒక హెచ్చరికా ఉంది. ఒకప్పుడు బి12 ఒంటబట్టకపోవడం వల్ల వచ్చే రక్తహీనత సోకితే మనిషి బ్రతకడం దుర్లభం. 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు రోగులకు రోజూ కలేజా తినిపించి బ్రతికించారు. ఆ కృషికి విపుల్ అనే మరొక శాస్త్రజ్ఞునితో కలిపి వారికి 1934లో నోబెల్ బహుమతి లభించింది. అదే సమయంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలోని నిరుపేద గర్భిణీలలో ఒక రకం రక్తహీనతను గుర్తించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తరువాత తెలిసింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లే సంస్థలో పనిచేసిన బృందం. 1948లో బి12ను విడిగా రాబట్టారు. అదే సంవత్సరం సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇక హెచ్చరిక. ఫోలిక్ ఆమ్లం మాత్ర ఒక్కటే ఇస్తే బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత కూడా పైకి బాగుపడుతుంది. ముఖంలో ఎరుపు వస్తుంది, అందరూ సంతోషిస్తారు. కాని లోపల నరాలు చెడిపోవడం ఆగదు. అందుచేత "రక్తం పట్టే మాత్రలు" అని మందుల షాపులో అడిగి తెచ్చుకొని పెద్దవారికి వేయకండి. ముందు ఏ లోపమో తెలియాలి.

అలాగే "బలం సూది" సంగతి. నీరసంగా ఉందనగానే ఒక ఎర్రసూది వేయించుకోవడం, ఒక సెలైన్ ఎక్కించుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ ఎర్రసూది చాలాసార్లు బి12దే. వేయించుకున్న తరువాత పరీక్ష చేయిస్తే రక్తంలో బి12 నిండుగా కనిపిస్తుంది, అసలు లోపం మరుగునపడుతుంది. ముందు పరీక్షకు రక్తం ఇవ్వండి, ఆ తరువాత సూది. పరీక్షలో మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటె తక్కువ వస్తే లోపమనే అనుకోవాలి. 200, 300 మధ్య వస్తే లక్షణాలను బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. వైద్యం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నరాలకు దెబ్బ తగిలి ఉంటే మొదట కొన్ని సూదులు దగ్గరదగ్గరగా వేసి, తరువాత నెలకొకటి వంతున వేస్తారు. చాలామందికి రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర కూడా సరిపోతుంది. కావలసింది రెండున్నరయితే వెయ్యి ఎందుకని అడగవచ్చు. ఒంటబట్టే దారి మూసుకుపోయినా, మాత్రలో నూటికి ఒక వంతు దానంతటదే లోపలికి ఇంకుతుంది. వెయ్యిలో ఒక వంతు అంటే పది. అది చాలు.

మన ఉపాధ్యాయులవారికి సూదులు వేశాము. ఆరు నెలలకు తూలడం చాలావరకు తగ్గింది. అరికాలి మొద్దుబారడం కొంత మిగిలిపోయింది. "రెండేళ్ల క్రితమే వచ్చి ఉంటే అదీ ఉండేది కాదేమో" అని నేనంటే, "రెండేళ్ల క్రితం ముసలివాణ్ణయ్యాననుకున్నాను బాబూ" అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు.

ఇప్పుడు రెండవ సంగతి. ఒక పెద్దామె. మూడంతస్తుల భవనంలో కింది వాటాలో కొడుకు దగ్గర ఉంటున్నది. రెండేళ్లుగా ఎండ మొహం చూడలేదు. "సజ్దాలోకి వెళ్లగలుగుతున్నాను గాని లేవలేకపోతున్నాను. తొడల్లో బలం లేదు. నడుము, పక్కటెముకలు నొక్కితే నొప్పి" అంది. మోకాళ్లు అరిగాయని ఇంటివారు తైలాలు మర్దించారు, చివరకు కుర్చీ తెచ్చి వేశారు. చూస్తే మోకాళ్లలో అంత దోషమేమీ లేదు. కూర్చున్నచోటు నుంచి లేవడానికి, మెట్లు ఎక్కడానికి పనికివచ్చే తొడ కండరాలు నీరసించాయి. రక్తంలో డి విటమిన్ అడుగంటి ఉంది.

డి విటమిన్ ముఖ్యంగా తిండి వల్ల వచ్చేది కాదు. ఎండ చర్మం మీద పడినప్పుడు చర్మంలోనే తయారవుతుంది. కాలేయం, మూత్రపిండాలు దానిని పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి. అప్పుడు అది మనం తిన్న సున్నపు ధాతువును, అంటే కాల్షియాన్ని, ప్రేవుల నుంచి ఎముకలకు అందేటట్లు చేస్తుంది. అది లేకపోతే పిల్లల కాళ్లు వంకరపోతాయి. పెద్దలలో ఎముకలు మెత్తబడి నొప్పిపుడతాయి, కండరాలు నీరసిస్తాయి, మనిషి పడిపోతాడు. డెబ్బై ఏళ్లకు పైబడినవారు పడి తుంటి ఎముక విరిగితే ఆ ఇంటి పరిస్థితి ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. మీలో కొందరు అనుభవించినవారే.

ఇంత ఎండకాచే దేశంలో డి విటమిన్ లోపమేమిటని ఆశ్చర్యం కలుగుతుంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఆ చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవారినే పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. పట్టణంవారిలో లోపం విస్తారంగా ఉంది. పొలాల్లో తిరిగే పల్లెవారు కొంత మెరుగే గాని, వారిలోనూ చాలామందికి తక్కువగానే ఉంది. తిండిలో కాల్షియం ఇద్దరికీ చాలదు. పెద్దవారి చర్మానికి డి విటమిన్ తయారుచేసే శక్తి ఎలాగూ బాగా తగ్గిపోతుంది. నల్లని చర్మానికి ఎండ ఎక్కువసేపు కావాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ ఇందుకు పనికిరాదు.

పాత ఇళ్లలో నడిమి ఆంగన్ ఉండేది. మన తల్లులు అక్కడే బియ్యం ఏరుకొనేవారు, తల ఆరబెట్టుకొనేవారు, మిరపకాయలు ఎండబోసేవారు. పర్దాకు భంగం లేకుండా ఎండ ఇంట్లోకే వచ్చేది. ఇప్పుడు ఆంగన్ పోయి ఫ్లాట్లు వచ్చాయి. పర్దా మిగిలింది, ఎండ పోయింది. నేను పర్దాను తప్పుపట్టడం లేదు. పర్దా పరాయివారి దృష్టి నుంచి, ఎండ నుంచి కాదు. మిద్దె మీద ఒక మూల చాప గాని, దుప్పటి గాని అడ్డంగా కట్టండి. అమ్మీ అక్కడ ముఖం, చేతులు, కాళ్లకు ఎండ తగిలేటట్లు ఒక అరగంట కూర్చోవచ్చు. తెల్లవారుజామున లేత ఎండలో కూర్చుంటే చాలునని ఒక నమ్మకం ఉంది. ఒంటికి హాయి అంతే, సూర్యుడు పైకి రానిదే డి విటమిన్‌ను తయారుచేసే కిరణాలు అంతగా నేలకు దిగవు. ఉదయం పది దాటిన తరువాత, మధ్యాహ్నం మూడు లోపల కూర్చుంటే ఫలితం ఉంటుంది. అలాగని మే నెలలో పన్నెండు గంటల ఎండలో కూర్చోబెట్టి వడదెబ్బ తగిలించకండి. వేసవిలో పది గంటలకే, కొద్దిసేపు చాలు.

తిండిలో గుడ్డు సొనలో, కొవ్వు ఉన్న చేపలలో కొంత డి విటమిన్ ఉంటుంది. ఎ, డి విటమిన్లు కలిపిన పాలు, నూనెలు అమ్ముతున్నారు, వాటి పొట్లం మీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటుంది. కాల్షియానికి పాలు, పెరుగు, రాగులు మంచివి. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పళ్లు లేనివారికి రాగి జావ, మెత్తగా ఉడికించిన ఖీమా, గుడ్డు, పెరుగన్నం పెట్టండి. గుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము, గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము బి12 కూడా ఉంటుంది. ఒక పూట పెద్దవారి పళ్లెంలో మీ చేతులతో మీరే వడ్డించి, తినేదాకా పక్కన కూర్చోండి. ముక్కలు ఎవరి పళ్లెంలోకి పోతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఇంతవరకు లోపం గురించి చెప్పాను. ఇప్పుడు అతి గురించి చెప్పాలి. డి విటమిన్ 60,000 యూనిట్ల పొట్లాలు, గోళీలు దొరుకుతాయి. లోపం ఉన్నవారికి వారానికొకటి వంతున కొన్ని వారాలు ఇస్తాము. వారానికి ఒకటి! ఒకాయన చీటీ పారవేసుకొని రోజుకొకటి వంతున నెలరోజులు పాలలో కలుపుకొని తాగారు. బలానికి మందే గదా, ఎంత తాగితే అంత మంచిదనుకున్నారు. లెక్క చూడండి. డెబ్బై దాటినవారికి రోజుకు కావలసింది 800 యూనిట్లు. ఒక్క పొట్లం 75 రోజుల మోతాదు. ముప్పై పొట్లాలంటే 18 లక్షల యూనిట్లు, ఆరేళ్లకు పైబడిన మోతాదు. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మతి తప్పడం మొదలయ్యాయి. రక్తంలో కాల్షియం పెరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతినే స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు. అల్హందులిల్లాహ్, బ్రతికి బయటపడ్డారు.

ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన స్త్రీలకు ఏడాదికొకసారి అయిదు లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, ఇవ్వనివారికంటె ఇచ్చినవారే ఎక్కువగా పడిపోయారని, ఎముకలు ఎక్కువగా విరిగాయని 2010లో తేలింది. లోపం ఉన్నదీ లేనిదీ చూడకుండా నడివయసువారికి, వృద్ధులకు రోజూ డి విటమిన్ ఇస్తే ఎముకలు విరగడం తగ్గలేదని అమెరికాలో 2022లో వెల్లడయిన మరొక పెద్ద అధ్యయనం చెప్పింది. బి6 కూడా అంతే. పెద్ద మోతాదులో దీర్ఘకాలం వాడితే ఏ తిమ్మిరి పోవాలని వాడామో ఆ తిమ్మిరినే తెచ్చిపెడుతుంది. లోపం ఉన్నవారికి విటమిన్ మందు. లోపం లేనివారికి దండుగ. మితిమీరితే విషం.

ఇంకొక మనవి. నా మాటలు విని ప్రతిదానికీ విటమినే కారణమనుకోకండి. మతిమరపు థైరాయిడ్ వల్ల రావచ్చు, మనోవ్యాధి వల్ల రావచ్చు, మెదడు జబ్బు వల్ల రావచ్చు. తూలడం మందులు ఎక్కువై బి.పి. పడిపోయినందువల్ల రావచ్చు. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, కాలోచెయ్యో పడిపోయినా అది పక్షవాతం, ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి. నిజంగా వయసు వల్లనే వచ్చే బలహీనత కూడా ఉంది, దానిని సబ్ర్‌తో భరించవలసిందే. నేను చెప్పేది ఒక్కటే. అది వయసు అని తీర్పు చెప్పేముందు విచారణ జరగాలి.

ఆ విచారణ ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. వజూలో కళ్లు మూసుకున్నప్పుడు తూలుతున్నారా? చీకట్లో గోడ పట్టుకుంటున్నారా? సజ్దా నుంచి, పీట మీద నుంచి చేతులు ఊనకుండా లేవగలుగుతున్నారా? చెప్పు జారితే తెలుస్తున్నదా? నాలుక మండుతోందా? షుగరు మాత్ర, గ్యాస్ మాత్ర ఎన్నేళ్లుగా వాడుతున్నారు? వారం రోజుల్లో నిజంగా ఏమేమి తిన్నారు? చివరిసారి ఎండలో కూర్చున్నది ఎప్పుడు? ఈ జవాబులు ఒక కాగితం మీద రాసుకొని, వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకొని డాక్టరు దగ్గరకు వెళ్లండి. అప్పుడు అనవసరమైన పరీక్షలు తప్పుతాయి, అవసరమైనది తప్పిపోదు.

సంఘం కార్యవర్గానికి కూడా రెండు సూచనలు చేస్తున్నాను. మనం జరిపే వైద్య శిబిరాలలో బి.పి., షుగరు చూసి పంపివేస్తున్నాము. అరవై దాటినవారిని ఈ ప్రశ్నలు అడగడానికి చదువుకున్న ఇద్దరు కుర్రవాళ్లను, ఇద్దరు ఆడపిల్లలను కూర్చోబెట్టండి. అనుమానం ఉన్నవారికి మాత్రమే పరీక్ష చేయించి, కట్టలేనివారి ఖర్చు సంఘం నిధి నుంచి భరించండి. రెండవది, మసీదులో వజూ చేసే చోట ఒక పట్టుకొమ్మీ, ఫజర్, ఇషా వేళలకు మంచి దీపమూ పెట్టించండి. మసీదులలో వెనక వరుసలో కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. అనారోగ్యవంతులకు మన ధర్మం ఇచ్చిన సౌలభ్యం అది, ఎవరూ దానిని చిన్నచూపు చూడరాదు. కాని మీ అబ్బాజాన్ కోసం కుర్చీ తెచ్చిన రోజున, "కుర్చీ ఎందుకు అవసరమైంది?" అని కూడా ఒక్కసారి అడగండి. ఆ కుర్చీలలో కొన్ని ఖాళీ కావచ్చు.

తల్లిదండ్రులు ముసలివారై మన దగ్గర ఉన్నప్పుడు వారిని విసుక్కొనే చిన్న మాట కూడా అనరాదని ఖుర్ఆన్ మనకు నేర్పింది. "వయసైపోయింది గదండీ" అన్నది విసుగు మాటలా వినిపించదు. జాలి మాటలాగే వినిపిస్తుంది. కాని ఆ మాటతో మనం వారి మొర వినడం మానేస్తున్నాము. కనుక ఈ రాత్రి ఇంటికి వెళ్లిన తరువాత మీ పెద్దవారి దగ్గర పది నిమిషాలు కూర్చోండి. కాళ్లు ఎలా ఉన్నాయని అడగండి. "ఏముంది బేటా, వయసు" అని వారంటే, "వయసేనా, ఇంకేమైనా ఉందా చూద్దాం, రేపు వెళ్దాం పదండి" అనండి.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మనకు వారిని సేవించుకొనే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.